పో, రా, ఆట రా: కాలి అడుగును కాగితం మీద రాద్దాం



యాన్యువల్ డే ఐటమ్స్ ఖరారైన రోజు నుంచి పిల్లలు ఇంట్లో ఫోన్ ముందు నిలబడి ప్రాక్టీస్ చేయడం మీరు చూస్తూనే ఉంటారు. వీడియో నడుస్తున్నంతసేపూ స్టెప్ బాగానే పడుతుంది. ఫోన్ పక్కన పెట్టగానే రెండో రౌండ్‌కే కాలు తప్పుతుంది. అప్పుడు ఇంట్లో వినపడే మాట ఒకటుంది: "మావాడికి తాళం రాదు, వెనక వరుసలో పెట్టండి సార్." తొమ్మిదేళ్లప్పుడు ఆ మాట విన్న పిల్లవాడు పద్నాలుగేళ్లకు స్టేజీ పక్కకు కూడా రాడు. తాళం రాని పిల్లలు నిజానికి చాలా తక్కువ. తప్పుతున్నది చాలాసార్లు వేళ్ల మీద లెక్కపెట్టగల ఒక చిన్న విషయం దగ్గర: ఏ క్షణంలో ఒంటి బరువు ఏ కాలి మీద ఉంది? దీన్ని కాగితం మీద రాయవచ్చు. డాన్స్ రాని తల్లిదండ్రులు కూడా రాసి, చదివి, సరిచూడవచ్చు.

ఈ నెల ఇంటి పాఠం కోసం రెండు ఆటలు తీసుకున్నాను. ఒకటి స్వింగ్ డాన్స్. పై తరగతుల పిల్లలు ఇంటర్నెట్‌లో చూసి ముచ్చటపడుతున్న ఈ డాన్స్ పుట్టింది అమెరికాలో. రెండోది మన బతుకమ్మ. వీటి మధ్య చుట్టరికం ఏమీ లేదు. పేరులో మాత్రం ఒక సరదా పోలిక ఉంది. స్వింగ్ అంటే ఊగడం, ఉయ్యాల. మన ఆడవాళ్లు బతుకమ్మ పాటలో ప్రతి వరుస చివర పలికేది "ఉయ్యాలో".

నోటితో మొదలు

మన దగ్గర తాళం ఎప్పుడూ ముందు నోటికే వచ్చింది. మృదంగం నేర్చుకునేవాళ్లు చేయి వేయడానికి ముందు తకధిమి అంటారు. డప్పు కొట్టేవాళ్లు జజ్జనకర అని పలికి దరువు చెబుతారు. కూచిపూడి గురువు కర్రతో తట్టుతూ నోటితో జతి చెబుతారు. నోరు పలకలేని లెక్కను కాలు వేయలేదు. కాబట్టి ఇంట్లో మొదటి పని నిలబడి స్టెప్ వేయడం కాదు, కూర్చుని పలకడం.

పిల్లవాడితో మోకాలి మీద సమంగా తట్టించండి. ఒక్కో తట్టుకు "పద" అనమనండి: పద, పద, పద, పద. ఇప్పుడు అదే తట్టుకు, వేగం మార్చకుండా, "పాట" అనమనండి: పాట, పాట, పాట, పాట. రెండిటిలోనూ తట్టుకు రెండు అక్షరాలే. కానీ మొదటిది కవాతులా ఉంది, రెండోది గుర్రం నడకలా ఉంది. ఆ తేడా చెవికి పట్టిందంటే స్వింగ్ సంగీతంలో సగం అర్థమైనట్టే.

ఎందుకో హైస్కూలు పిల్లలు చెప్పగలరు. తెలుగు వాచకంలో ఛందస్సు పాఠం చదివారు కదా. "పద"లో రెండూ లఘువులు, ఒక్కో మాత్ర చొప్పున. తట్టును అవి సమంగా పంచుకుంటాయి. "పాట"లో పా గురువు, రెండు మాత్రలు. ట లఘువు, ఒక మాత్ర. మొత్తం 3 మాత్రల్లో మొదటి అక్షరం 2, రెండోది 1 తీసుకుంటుంది. స్వింగ్ వాయించే జాజ్ సంగీతకారులు ఒక బీట్‌ను విడదీసేది దాదాపు ఇలాగే, ముందుది పొడుగు, తర్వాతది పొట్టి. మన సంగీత పరిభాషలో ఇది తిశ్ర గతి. తకిటలో నడిమి "కి"ని మింగేసి త, ట మాత్రమే పలికితే వచ్చేది అదే.

దాదాపు అన్నాను, ఎందుకంటే వాయించేవాళ్లు దీన్ని గడియారంలా పాటించరు. పాట నెమ్మదిగా ఉంటే పొడుగు అక్షరం ఇంకా సాగుతుంది. వేగం బాగా పెరిగితే రెండూ సమానం వైపు జరుగుతాయి. పిల్లలకు మాత్రం 2:1తో మొదలుపెట్టడమే మంచిది.

గుర్రం పోలిక నేను కల్పించింది కాదు. తెలుగు ఛందస్సులో రగడలని ఉన్నాయి, పాడుకోవడానికి పుట్టినవి. వాటికి పెట్టిన పేర్లు చూడండి. మూడేసి మాత్రలతో నడిచేదానికి హయప్రచారం, దాన్ని రెట్టింపు చేస్తే తురగవల్గనం. హయమన్నా తురగమన్నా గుర్రమే. అయిదేసి మాత్రలతో నడిచేది ద్విరదగతి, ఏనుగు నడక. మూడూ నాలుగూ కలిపి ఏడుతో నడిచేది వృషభగతి, ఎద్దు నడక. గురజాడ తన ముత్యాలసరానికి లయ తెచ్చుకున్నది ఈ మూడూ నాలుగుల నడక నుంచే. మాత్రల లెక్కను జంతువుల కాళ్లలో చూసిన భాష మనది. మన పిల్లలకు స్వింగ్ లయ నేర్పడానికి ఇంతకంటే దగ్గరి దారి నాకు కనిపించలేదు.

స్వింగ్ అడుగు

స్వింగ్ డాన్సుల్లో పేరున్నది లిండీ హాప్. న్యూయార్క్‌లోని హార్లెమ్‌లో, 1920ల చివర, నల్లజాతి యువతీయువకులు దీన్ని తయారు చేశారు. 1926లో తెరిచిన సవాయ్ బాల్‌రూమ్ దానికి ఇల్లు. నల్లవాళ్లూ తెల్లవాళ్లూ ఒకే నేల మీద కలిసి ఆడటం అరుదైన ఆ రోజుల్లో అక్కడ కలిసి ఆడారు. ఆ హాలు నుంచి వచ్చిన ఫ్రాంకీ మానింగ్ అనే ఆయన 1935లో జోడీని వీపు మీదుగా గాల్లోకి తిప్పే అడుగును మొదటిసారి చేసి చూపించారు. పిల్లలు వీడియోల్లో చూసి "అది చేద్దాం సార్" అని అడిగేది దాన్నే. మనం చేయడం లేదు. మనకు కావలసింది నేల మీద ఉండే ఆరు లెక్కల ప్రాథమిక అడుగు.

ఆ అడుగులో మూడు ముక్కలున్నాయి. మొదటిది రాక్ స్టెప్: ఒక కాలు వెనక్కి వేసి బరువు దాని మీద పెట్టి, వెంటనే ముందు కాలి మీదికి తిరిగి రావడం. రెండు బీట్లు, రెండు అడుగులు. రెండోదీ మూడోదీ ట్రిపుల్ స్టెప్‌లు: రెండేసి బీట్లలో మూడేసి అడుగులు. గందరగోళం పుట్టేది ఇక్కడే. మూడు అడుగులను రెండు బీట్లలో సమానంగా కుదించబోయి పిల్లలు పరుగెత్తుతారు. అవి సమానం కావు. పొడుగు, పొట్టి, ఇంకా పొడుగు.

దీనికి తరగతిలో నేను వాడే మాట "ఆట రా". ఆ అన్నప్పుడు 2 మాత్రలు, ట అన్నప్పుడు 1, ఆ పైన రా అని దూరాన ఉన్న స్నేహితుణ్ని పిలిచినట్టు 3 మాత్రలు సాగదీయాలి. ఇలా సాగిన అచ్చుకు మన వ్యాకరణంలో ప్లుతం అని పేరు. దూరంగా ఉన్నవాళ్లను పిలిచేటప్పుడు వస్తుందనే చెబుతారు. కోడి కూతలో హ్రస్వం, దీర్ఘం, ప్లుతం మూడూ వరసగా వినబడతాయని పెద్దల పోలిక. ట్రిపుల్ స్టెప్‌లో ఉన్నవి అచ్చంగా గురువు, లఘువు, ప్లుతం.

రాక్ స్టెప్‌కు వెనక్కి "పో", ముందుకు "రా". మొత్తం కలిపితే: పో, రా, ఆట రా, ఆట రా.

ఇప్పుడు రాద్దాం. ఒక్కో బీట్‌కు ఒక గడి. గడిలో మూడు చోట్లు, మాత్రకు ఒకటి. ఎ అంటే ఎడమ కాలు, కు అంటే కుడి. అడుగు సాగుతున్న చోట కామా పెడతాం. సంగీతం నేర్చుకునే పిల్లల నోటుపుస్తకంలో కామా చేసే పని ఇదే, కాబట్టి వాళ్లకు కొత్త కాదు.

లెక్క: | 1 | 2 | 3 | 4 | 5 | 6 |
మాట: | పో | రా | ఆట | రా | ఆట | రా |
కాలు: | ఎ , , | కు , , | ఎ , కు | ఎ , , | కు , ఎ | కు , , |

ఇది జోడీని నడిపించేవారి అడుగు. ఎదురుగా ఉన్నవారికి ఎ, కు తారుమారు చేసి రాస్తే చాలు. మూడో వరసను వేలితో చూపిస్తూ చదివించండి. తరవాత కూర్చునే, అరికాళ్లతో నేల తట్టుతూ చదివించండి. ఆ తరవాతే లేవాలి.

ఎనిమిది లెక్కల అడుగు కూడా ఈ ముక్కలతోనే అవుతుంది. రెండు ట్రిపుల్ స్టెప్‌ల నడుమ మామూలుగా రెండడుగులు నడిస్తే సరి. మన వైపు పిలుపు "దా, దా" దానికి బాగా అతుకుతుంది: పో, రా, ఆట రా, దా, దా, ఆట రా.

సరి, బేసి

ఇంతకుముందు చెప్పిన బరువు సంగతికి వద్దాం. ఆరు లెక్కల అడుగులో కాళ్ల వరస లెక్కపెట్టండి: ఎ, కు, ఎ, కు, ఎ, కు, ఎ, కు. లెక్కలు 6, అడుగులు 8. అడుగుల సంఖ్య సరి అయితే మళ్లీ రౌండ్ అదే కాలితో మొదలవుతుంది. బేసి అయితే కాలు మారుతుంది. ఇంతే సూత్రం. ఎనిమిది లెక్కల అడుగులో అడుగులు 2, 3, 2, 3 కలిపి 10, సరి. కాబట్టి రెండో రౌండ్‌లో మీ అమ్మాయి కాలు మారిపోయిందంటే, ఎక్కడో ఒక అడుగు మింగింది, లేకపోతే ఒకటి ఎక్కువ వేసింది. ఎక్కువసార్లు మింగేది "ట" దగ్గరే, పొట్టి మాత్ర కదా. "ట అన్నప్పుడు ఏ కాలు?" అని అడిగితే పిల్లలే పట్టుకుంటారు. "కౌంట్ చూసుకో" అని పది సార్లు అరిచినా దొరకని తప్పు ఇది. కౌంట్ సరిగ్గానే ఉంది, అడుగు తగ్గింది.

మన అయిదు జాతులకు ఈ సూత్రం పెట్టి చూడండి. తకిట 3, తకధిమి 4, తకతకిట 5, తకిట తకధిమి 7, తకధిమి తకతకిట 9. అక్షరానికి ఒక అడుగు చొప్పున కాళ్లు మార్చి వేస్తే, వీటిలో తకధిమి ఒక్కటే మొదలైన కాలికి తిరిగి వస్తుంది. మిగిలిన నాలుగూ ప్రతి ఆవృతికీ కాలు మారుస్తాయి. కూచిపూడికి వెళ్లే పిల్లలు తకిట దగ్గర తడబడటానికి ఇదొక కారణం. చెవి చక్కగానే ఉంటుంది. రెండోసారి ఎడమతో మొదలవ్వాలని వాళ్లకు ఎవరూ చెప్పి ఉండరు.

ఇంకో చిన్న లెక్క. స్వింగ్ పాటల్లో వాక్యం సాధారణంగా 8 బీట్లకు విరుగుతుంది. అడుగు 6. రెండూ కలిసేది ఎప్పుడు? ఆరో తరగతి క.సా.గు. సమస్య ఇది: 24 దగ్గర. అంటే నాలుగు సార్లు "పో, రా, ఆట రా, ఆట రా" పూర్తయ్యేసరికి పాటలో మూడు వాక్యాలు అవుతాయి. నడుమ కలవకపోయినా తప్పు కాదని పిల్లలకు ముందే చెప్పాలి. చెప్పకపోతే పాట వాక్యం ముగిసిన చోట వాళ్లు ఆగిపోతారు. 8 అక్షరాల ఆదితాళంలో తిశ్రం వేసేటప్పుడు చేసే లెక్క కూడా ఇదే, 3 ఎనిమిదులు 24.

వీడియోతో వచ్చే చిక్కు

వీడియో చూసి నేర్చుకోవద్దని నేను అనను. అడుగుకు ఒళ్లు ఎలా స్పందిస్తుందో, మోకాళ్లలో ఆ మెత్తటి ఊపు ఎలా ఉంటుందో కాగితం చెప్పలేదు, చూడాల్సిందే. కానీ ఎదురుగా నిలబడి నేర్పే మనిషి కుడి, పిల్లవాడికి ఎడమ వైపు కనబడుతుంది. కొందరు వీడియోను అద్దంలోలా తిప్పి పెడతారు, కొందరు పెట్టరు. రెండు వేర్వేరు వీడియోలు చూసిన ఇద్దరు స్నేహితులు పక్కపక్కన నిలబడితే ఒకరినొకరు ఢీకొంటారు. ఎ, కు అని రాసుకున్న కాగితానికి ఆ బాధ లేదు.

వేగం సంగతి కూడా. పాటలో బీట్లను 15 సెకన్లు లెక్కపెట్టి 4తో గుణించండి, నిమిషానికి ఎన్నో తెలుస్తుంది. లిండీ హాప్‌కు మామూలుగా వాడే పాటలు 120 నుంచి 180 వరకు ఉంటాయి. మొదటి వారం పాటే వద్దు. 80 దగ్గర చేత్తో తట్టుతూ మాట పలికించండి. అక్కడ నిలబడిన అడుగే 140లో నిలబడుతుంది.

బండ మీద ముగ్గు

కాగితం కంటే చిన్నపిల్లలకు నేల నచ్చుతుంది. ఆ విషయంలో మన వికారాబాద్, తాండూరు ఇళ్లు అదృష్టవంతమైనవి. వసారాలోనో వాకిట్లోనో పరిచిన శాబాదు బండలే గళ్ల కాగితం. నాలుగు బండలు కలిసే చోట నిలబడమనండి. వెనక బండ మీద సుద్దతో "పో", నిలబడిన చోట "రా", ఎడమ పక్క బండ మీద "ఆట రా", కుడి పక్క బండ మీద ఇంకో "ఆట రా". అడుగు చిన్నగా ఉండాలి, బండ దాటకూడదు. పాలిష్ పట్టిన బండల మీద సాక్స్‌తో మాత్రం వద్దు, జారతారు.

అడుగును ఇలా గీసి చూపడం కొత్త ఆలోచన కాదు. 1700లోనే ఫ్రాన్స్‌లో ఫ్యుయే అనే డాన్స్ మాస్టారు నేల మీద నడిచిన దారిని గీతగా గీసి, దాని పక్కన కాళ్ల గుర్తులు పెట్టి పుస్తకం అచ్చు వేయించాడు. 1928లో రుడాల్ఫ్ లాబాన్ ఇంకో పద్ధతి ప్రకటించాడు. కాగితం నడుమ నిలువు గీత, దానికి ఎడమన ఎడమ కాలు, కుడిన కుడి కాలు, కింది నుంచి పైకి చదవాలి. గుర్తు ఎంత పొడుగుంటే అడుగు అంతసేపు. ఈ పొడుగు ఆలోచన పిల్లలు చాలా త్వరగా పట్టుకుంటారు. "ఆ"కు రెండంగుళాల గీత, "ట"కు ఒక అంగుళం, "రా"కు మూడు. స్కేలు ఇస్తే చాలు.

మన దగ్గరా అడుగుల గురించి రాసి పెట్టినవాళ్లున్నారు. కాకతీయ గణపతిదేవుడి గజ సైన్యాధిపతి జాయప సేనాని 13వ శతాబ్దంలో సంస్కృతంలో నృత్తరత్నావళి రాశాడు. శాస్త్రీయ నృత్యంతో ఆగకుండా దేశి ఆటలను కూడా అందులో వర్ణించాడు. కర్రలు పట్టుకుని వలయంగా ఆడే దండరాసకం వాటిలో ఒకటి, మన కోలాటానికి పాత బంధువు. ఆదరణ పోయి మరుగున పడిన పేరిణిని నటరాజ రామకృష్ణ గారు తిరిగి నిలబెట్టగలిగారంటే, చేతిలో ఆ గ్రంథం ఉంది, కళ్ల ముందు పాలంపేట రామప్ప గుడి శిల్పాలున్నాయి. ఆ గుడి 1213 నాటిది. 2021లో యునెస్కో జాబితాలో చేరింది.

లిండీ హాప్ కథలో అలాంటి గ్రంథం లేదు. యుద్ధం తరవాత సంగీతం మారి ఆ డాన్స్ వెనకబడింది. ఫ్రాంకీ మానింగ్ పోస్టాఫీసులో ఉద్యోగం చేసుకుంటూ ఉండిపోయారు. 1980లలో అమెరికాలోనూ స్వీడన్‌లోనూ కొందరు యువకులు పాత సినిమాల్లోని ముక్కలు చూసి, బతికి ఉన్న పెద్దలను వెతుక్కుంటూ వెళ్లి నేర్చుకున్నారు. అప్పటికి ఆయన వయసు 70 దాటింది. 2009లో కన్నుమూసేదాకా నేర్పుతూనే ఉన్నారు. వెతికినవాళ్లు ఇంకా చాలా ఆలస్యం చేసి ఉంటే, అడగడానికి మనుషులు ఉండేవారు కారు.

ఇక మన ఇళ్లలో

బతుకమ్మ దగ్గర నాకున్న ఆదుర్దా ఇదే. పెత్రమాస నాడు ఎంగిలిపూలతో మొదలై సద్దుల దాకా తొమ్మిది రోజులు. అందరూ ఆడతారు, పాటలు పుస్తకాల్లో ఉన్నాయి, రికార్డుల్లో ఉన్నాయి. అడుగులు మాత్రం మనుషుల్లోనే ఉన్నాయి. కొన్ని ఊళ్లలో ఒక చప్పట్ల ఆట, కొన్నింట రెండు, కొన్నింట మూడు. వంగే లోతు వేరు, తిరిగే తీరు వేరు. మా తాండూరు పిల్లల్లో కొందరి అమ్మమ్మలు సేడం, చించోళి వైపు నుంచి వచ్చినవాళ్లు, వాళ్ల అడుగు ఇంకో రకం. డీజే పాట పెట్టగానే ఇవన్నీ ఒకే అడుగైపోతాయి. వేగం పెరిగితే వంగి లేచే వ్యవధి ఉండదు, మూడు చప్పట్లు ఒకటవుతాయి. డీజే మీద నాకు పగ ఏమీ లేదు, పిల్లలకు ఆ ఉత్సాహం కావాలి. దానికి ముందు ఒక పావుగంట నానమ్మ అడుగు కూడా చూసి రాసుకోవాలంటున్నాను.

ఎలా రాయాలో ఒక నమూనా. నాలుగు లెక్కల ఆట అనుకుందాం. మూడు అడుగులు, నాలుగో లెక్కకు వంగి చప్పట్లు.

లెక్క: | 1 | 2 | 3 | 4 |
కాలు: | కు | ఎ | కు | (ఎ) |
చేయి: | , | , | , | చ |

చ అంటే చప్పట్లు. నాలుగో గడిలో ఎ చుట్టూ బ్రాకెట్ ఎందుకంటే, కాలు నేలకు ఆనింది కానీ బరువు దాని మీద పడలేదు. ఈ బ్రాకెట్ చిన్నదే, కానీ ఆట అంతా దాని మీద ఉంది. బరువు పడలేదు కాబట్టి అడుగులు మూడే, బేసి. తరవాతి రౌండ్ ఎడమ కాలితో మొదలవ్వాలి. ఒళ్లు అటు ఒకసారి, ఇటు ఒకసారి ఊగుతుంది. అదే బ్రాకెట్ తీసేసి బరువు వేస్తే అడుగులు నాలుగు, సరి. ప్రతిసారీ కుడి కాలితోనే మొదలై వలయం ఒకే వైపు సాఫీగా సాగుతుంది. పక్క ఊరి నుంచి వచ్చిన కోడలి అడుగు వలయంలో కలవక పోవడానికి కారణం ఒక్కోసారి ఈ ఒక్క గడే. పాట తెలుసు, చప్పట్లు కలుస్తున్నాయి, కాలు మాత్రం ఎదురు తిరుగుతుంది.

"ఉయ్యాలో" అన్న మాటను కూడా లెక్కించమనండి. ఉ తరవాత ద్విత్వం ఉంది కాబట్టి ఉ గురువు. యా గురువు, లో గురువు. మూడు గురువులు, మగణం, 6 మాత్రలు. పాడేటప్పుడు ఆ "లో" ఇంకా ఎంత సాగుతుందో, ఆ సాగినంతసేపు నానమ్మ కాళ్లు ఏం చేస్తున్నాయో చూడటం పిల్లల పని. కొందరు అక్కడ ఆగుతారు, కొందరు చప్పట్లు కొడతారు, కొందరు తిరిగేస్తారు.

నానమ్మను ఎలా అడగాలి అన్నది కూడా ముఖ్యమే. "మీరు ఏ కాలు ముందు వేస్తారు?" అని అడిగితే ఆమె ఆగి ఆలోచిస్తుంది, ఆలోచిస్తే అడుగు తప్పుతుంది. అడగకండి. పాట పాడమని, ఆడమని అనండి. ఒకరు కాళ్లు మాత్రమే చూడాలి, ఇంకొకరు చేతులు మాత్రమే. కాళ్లు చూసేవారు ఎదురుగా కాకుండా ఆమె వెనక నిలబడాలి, అప్పుడు కుడి కుడిగానే కనబడుతుంది. మూడు రౌండ్లు చూశాక రాయాలి. రాసింది చదువుతూ పిల్ల ఆడాలి, నానమ్మ చూడాలి. "అట్ల గాదు బిడ్డా" అని ఆమె అన్న చోట రబ్బరు పెట్టి చెరిపి మళ్లీ రాయాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లయితే కుర్చీలో కూర్చుని పాదాలతో చూపించినా సరిపోతుంది, ముందు చెప్పిన కూర్చుని తట్టే పద్ధతే అది.

కోలాటం తెలిసిన ఇళ్లలో చేయి వరసలో చ బదులు రెండు గుర్తులు వాడండి: సొంత కోలలు కొట్టుకుంటే సొ, జతవారి కోలకు తగిలిస్తే జ. కోపు మారే చోట నిలువు గీత రెండుసార్లు గీయండి. వలయంలో మనిషి ఒక చోటు ముందుకు జరిగితే ఆ గడి కింద ఒక బాణం. జడకోపు రాయడానికి ఇది చాలదు, తాళ్ల అల్లికకు వేరే బొమ్మ కావాలి. ఈసారికి దాన్ని వదిలేద్దాం.

దసరా సెలవుల్లో ప్రతి విద్యార్థీ ఒక్క అడుగు రాసి తేవాలి. ఒక్కటి చాలు. ఎ, కు వరస, చేయి వరస, నిమిషానికి ఎన్ని బీట్లు, ఇవి ఉండాలి. పైన మూలకు అడుగు నేర్పినవారు పిల్లలకు ఏమవుతారో, ఆ అడుగు ఏ ఊరిదో రాయించండి. వికారాబాద్, తాండూరు రెండు బ్రాంచిల కాగితాలనూ ఒకే ఫైలులో పెడతాం. సెలవుల తరవాతి మొదటి శనివారం డాన్స్ పీరియడ్‌లో వాటిని తారుమారు చేసి పంచుతాం. ఒకరు రాసి తెచ్చిన అడుగును, అది ఎప్పుడూ చూడని ఇంకొకరు కాగితం చదివి వేయాలి. వేయలేకపోతే ఎక్కడ ఆగిపోయారో ఆ గడి కింద గీత గీసి కాగితం ఇంటికి తిరిగి పంపిస్తాం. ఆ గీత కనబడితే నానమ్మను ఇంకోసారి ఆడమని అడగండి.